13 చదరపు మీటర్లు తక్కువ

పొలాలకు పోయే గేటు పక్క బోర్డు మీద ఉదయం 6:30 అని ఉంది. హీబ్రూ, అరబిక్, ఇంగ్లీషు మూడింట్లోనూ అదే. నేను 6:05కల్లా చేరేసరికి రెండు ట్రాక్టర్లు, మూడు గాడిద బండ్లు, నడిచి వచ్చినవాళ్లు ఇరవై ఆరుగురు అప్పటికే వరుసలో ఉన్నారు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అక్టోబరు చలి మొదలైంది. మగవాళ్లు సిగరెట్లు కాలుస్తున్నారు, ఆడవాళ్లు ఖాళీ గోతాలు పరుచుకుని కూర్చున్నారు. ఎవరూ గొంతెత్తి మాట్లాడటం లేదు. కోతకు పోయే జనం అంత నిశ్శబ్దంగా ఉండటం మా ఊళ్లో నేనెన్నడూ చూడలేదు.

6:30 దాటింది. 6:40 దాటింది. 6:52కి జీపు వచ్చింది. నోటు పుస్తకంలో "22 నిమిషాలు ఆలస్యం" అని రాశాను. నాకు అప్పగించిన పనే అది. గేటు ఎప్పుడు తెరిచారు, ఎంతమంది వచ్చారు, ఎంతమంది దాటారు, ఎవరిని తిప్పి పంపారు, ఏం కారణం చెప్పారు. కారణం చెప్పకపోతే "చెప్పలేదు" అని రాయాలి. వాదించకూడదు. అడ్డం పడకూడదు. సైనికులతో మాట్లాడాల్సి వస్తే మర్యాదగా మాట్లాడాలి. పద్దెనిమిదేళ్లు కోర్టుల్లో వాదించడమే పనిగా బతికిన నాకు ఆ మొదటి నిబంధన చాలా కష్టమైంది.

నేను గుంటూరు జిల్లాలో వకీలుని. నా దగ్గరకొచ్చేవి ఎక్కువగా భూమి తగాదాలే. పాస్ పుస్తకాలు, అడంగళ్లు, లింకు డాక్యుమెంట్లు, ఈసీలు, వారసత్వ సర్టిఫికెట్లు, వీటి మధ్యే నా రోజులు గడిచాయి. 2019లో ఆలివ్ కోతల కాలానికి ఒక అంతర్జాతీయ స్వచ్ఛంద బృందంతో జోర్డాన్ నదికి పడమర ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్ వెళ్లి మూడు నెలలున్నాను. సైనిక పాలన కింద బతికే సామాన్యుల పక్కన నిలబడి, జరిగేది చూసి రాసిపెట్టడం ఆ బృందం పని. మేమున్న ఊరు కల్కీలియా జిల్లాలోది. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. రేపు మళ్లీ పర్మిట్ కోసం అర్జీ పెట్టుకోవాల్సిన వాళ్లు వాళ్లు.

ఆ గేటు ఎందుకుందో ముందు చెప్పాలి. 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ సైన్యం వెస్ట్ బ్యాంక్‌ని ఆక్రమించింది. అప్పటినుంచీ అక్కడి పాలస్తీనీయుల మీద సైనిక ఉత్తర్వులే చట్టం. 2000లో రెండో ఇంతిఫాదా, అంటే పాలస్తీనీయుల తిరుగుబాటు, మొదలయ్యాక ఇజ్రాయెల్ నగరాల్లో బస్సుల మీద, హోటళ్ల మీద ఆత్మాహుతి దాడులు జరిగి వందలమంది పౌరులు చనిపోయారు. వాటిని ఆపడానికే అంటూ 2002లో గోడ కట్టడం మొదలుపెట్టారు. ఊళ్ల దగ్గర ఎత్తైన కాంక్రీటు, పొలాల దగ్గర తీగల కంచె. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. బిడ్డ బస్సెక్కితే తిరిగొస్తుందో లేదో అని కూర్చునే తల్లి ఏ దేశంలోనైనా తల్లే. కానీ గోడని తమ సరిహద్దు మీద కట్టుకోలేదు. 700 కిలోమీటర్లకు పైగా వేసిన ఆ దారిలో దాదాపు 85 శాతం వెస్ట్ బ్యాంక్ లోపలి నుంచే పోతుంది. దాంతో ఊరు ఇటు, పొలం అటు అయింది. సుమారు 150 పాలస్తీనా ఊళ్లకు ఇలా గోడ అవతల భూములున్నాయి. ఆ పొలాలకు పోయే దారిలో డెబ్భైకి పైగా గేట్లు పెట్టారు. నేనున్నప్పుడు వాటిలో రోజూ తెరిచేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువ భాగం ఆలివ్ కోతలప్పుడు కొద్ది వారాలు తెరిచి, మిగతా ఏడాదంతా తాళం వేసి ఉంచేవారు.

దగ్గరికెళ్లి చూస్తే మొదట గుండ్రంగా చుట్టిన ముళ్ల తీగ, మూడు చుట్లు ఒకదాని మీద ఒకటి. తర్వాత ఒక గొయ్యి. ఆ తర్వాత పసుపు రంగు ఇనప గేటు. దాని వెనక జీపులు తిరిగే తారు రోడ్డు, రోడ్డుకి ఆనుకుని సన్నటి మెత్తని మట్టి పట్టీ. మనిషి అడుగు పడితే కనబడాలని ఆ మట్టిని నున్నగా చదును చేసి ఉంచుతారు. తాకితే కబురందే తీగల కంచె, అవతల మళ్లీ ఇంకో గేటు. వీటన్నిటికీ కలిపి యాభై, అరవై మీటర్ల వెడల్పు భూమి పోయింది. అందులోనూ ఒకప్పుడు చెట్లుండేవి.

ఒక్కొక్కరినే పిలుస్తారు. హవియ్యె, అంటే ఆకుపచ్చ కవర్లో ఉండే గుర్తింపు కార్డు, దానితోపాటు తస్రీహ్ చూపాలి. తస్రీహ్ అంటే పర్మిట్. ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన మాట అది. అందులో మనిషి పేరు, ఫొటో, గడువు, గేటు నంబరు ఉంటాయి. ట్రాక్టరుకి వేరే అనుమతి కావాలి. ట్రాక్టరు అనుమతి లేనివాళ్లే గాడిద బండ్లు తెచ్చుకున్నారని నాకు మూడో రోజు గానీ అర్థం కాలేదు. అంతదాకా పాతకాలపు అలవాటేమో అనుకున్నాను.

ఆ మొదటి రోజు ఇరవై ఆరుగురిలో ఇరవై ఇద్దరు దాటారు. వెనక్కి తిరిగిన నలుగురిలో ఒకాయనకి డెబ్భై దాటి ఉంటాయి. తలకి తెల్ల కుఫియా గుడ్డ, చేతికర్ర, చంకలో పాలిథిన్ సంచి. ఊళ్లో అందరూ ఆయన్ని హజ్ అంటారు. మక్కా వెళ్లొచ్చిన పెద్దల్ని అక్కడ అలాగే పిలుస్తారు. నేనూ ఇక్కడ హజ్ గారనే రాస్తాను. ఆయన నా వైపొచ్చి, నేను వకీలునని మా వాళ్లెవరో చెప్పినట్టున్నారు, "ఉస్తాజా" అన్నారు. టీచర్నీ వకీలునీ పిలిచే గౌరవమైన పిలుపది. సంచి విప్పి గేటు పక్క రాతిమీద కాగితాలు ఒక్కొక్కటే పరిచారు.

ఆ కాగితాలు చూడగానే నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. అన్నిటికన్నా కింద, మడతల దగ్గర చిరిగి టేపు వేసిన తుర్కీ కాలం నాటి కాగితం. భూమి హక్కు పత్రం, దాన్ని కూషాన్ అంటారు. తర్వాత బ్రిటిష్ వాళ్ల కాలం నాటి పన్ను రసీదులు, జోర్డాన్ కాలం నాటివి, ఆ తర్వాతివి. నాన్న చనిపోయాక షరియా కోర్టు ఇచ్చిన వారసుల పత్రం. కొలతల పటం. నాలుగు ప్రభుత్వాలు మారినా లింకు ఎక్కడా తెగలేదు. మా బార్‌లో ఎవరికి చూపించినా "టైటిల్ క్లియర్, కేసే లేదు" అంటారు.

హజ్ గారి మనవరాలు నర్సింగ్ చదువుతోంది. ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ సాయంత్రం వాళ్లింట్లో సేజ్ ఆకు వేసిన తీపి టీ తాగుతూ ఆ పిల్ల ద్వారా అడిగాను, "ఇన్ని కాగితాలున్నాక పర్మిట్ ఎందుకు రాలేదు?" ఆయన ఒక పెన్ను తీసుకుని అట్ట ముక్క మీద 1900 అని రాశారు. దాని కింద 6. పక్కన 317. ఇంకా కింద 330 రాసి, దాని చుట్టూ సున్నా చుట్టారు.

ఆ లెక్క ఇది. పొలం 1900 చదరపు మీటర్లు. మన లెక్కలో 47 సెంట్లు. వాళ్లు దునుముల్లో చెబుతారు, వెయ్యి చదరపు మీటర్లు ఒక దునుము, నాలుగు దునుములు మన ఎకరానికి కొంచెం తక్కువ. నాన్న పోయాక అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కలిపి ఆరుగురు వారసులు. పొలాన్ని ఎవరూ ముక్కలు చెయ్యలేదు, గట్టు వెయ్యలేదు, చెట్లు అందరివీ. అర్జీ పెట్టినప్పుడు మాత్రం ఆఫీసు వాళ్లు కాగితం మీద ఆరుతో భాగించారు. ఒక్కొక్కరికి 317 వచ్చింది. 330 చదరపు మీటర్లకు తక్కువ ఉన్న కమతంలో "వ్యవసాయ అవసరం లేదు" అని 2017లో సైనిక పరిపాలన ఒక నియమం పెట్టింది. ఆరుగురిలో ఏ ఒక్కరికీ రైతు పర్మిట్ రాదు. 13 చదరపు మీటర్లు తక్కువ. అంటే పదిహేను గజాలు. మన ఇళ్లలో వంటగది అంత.

నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. ఉమ్మడి ఆస్తిని విభజన కాకుండా విడగొట్టినట్టు లెక్కేయడం ఏ న్యాయమని ఆయన్ని అడిగి ఏం లాభం?

కోతల కోసం ఆయన కొద్ది రోజుల అనుమతికి మళ్లీ అర్జీ పెట్టుకున్నారు. దాని కోసం నేనూ వెంట వెళ్లాను. పాలస్తీనా అధికారుల దగ్గర కాగితాలిస్తే వాళ్లు అవతలి సైనిక పరిపాలనకు పంపుతారు. జవాబు కూడా అదే దారిలో వెనక్కి రావాలి. ఈ లంకె ఆఫీసుల్ని అక్కడ ఇర్తిబాత్ అంటారు. ముందు మాగ్నెటిక్ కార్డు ఉండాలి, వేలిముద్రలు అందులో ఉంటాయి. హజ్ గారి కార్డు గడువు అయిపోయింది. కొత్తది తీసుకోవడానికి ఒక ఆఫీసుకి వెళ్లాం. మనిషి పట్టీ పట్టనంత ఇనప చట్రపు తిరుగుడు గేటు. అందులో హజ్ గారు చేతికర్రతో సహా ఇరుక్కున్నారు. అవతలి నుంచి ఎవరో బటన్ నొక్కితేనే అది తిరుగుతుంది. నొక్కే మనిషి నల్లద్దాల వెనక ఉన్నాడు, కనబడడు. మైకులో గొంతు మాత్రం వినిపిస్తుంది. ఆ చట్రంలో ఆయన నాలుగు నిమిషాలు నిలబడ్డారు. గడియారం చూసి రాశాను కాబట్టి చెప్పగలుగుతున్నాను. నాలుగు నిమిషాలూ ఆయన సంచిని గుండెకి ఆనించుకుని, కళ్లు దించుకుని ఉన్నారు. ముందు గేటు, వెనక గేటు, మధ్యలో డెబ్భై ఏళ్ల మనిషి. మా నాన్న వయసు.

పదకొండు రోజుల తర్వాత కబురొచ్చింది. పది రోజుల అనుమతి ఆయనకీ, ఆయన భార్యకీ. కొడుకుల్లో ఎవరికీ రాలేదు. చెట్లెక్కే వయసున్న వాళ్లకు రాలేదన్నమాట.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఇప్పటికీ నాకు నిద్ర పట్టనప్పుడు గుర్తొచ్చేది అదే. కంచెకీ, 1949 నాటి కాల్పుల విరమణ గీతకీ మధ్య ఉన్న ఆ భూముల్ని 2003 అక్టోబరులో సైన్యం మూసివేసిన ప్రాంతంగా ప్రకటించింది. అందులోకి ఎవరూ పోకూడదు, ఉండకూడదు. కానీ ఆ నిషేధం ఇజ్రాయెలీలకు వర్తించదు. ఇజ్రాయెల్‌కి వలస వచ్చే హక్కు ఉన్న యూదులు ప్రపంచంలో ఎక్కడివారైనా వాళ్లకీ వర్తించదు. ఇజ్రాయెల్ వీసా ఉన్న పర్యాటకులకు కూడా సాధారణ అనుమతి ఉంది. అంటే పాస్‌పోర్టులో చిన్న చీటీ పెట్టుకుని గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నేను ఆ పొలంలోకి వెళ్లొచ్చు. తాత ముత్తాతల నుంచి సాగు చేసుకుంటున్న హజ్ గారు మాత్రం అడుక్కోవాలి. రైతుల గేటులోంచి నన్ను పంపరు కాబట్టి షేర్ టాక్సీలో పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి, అవతలి వైపు నుంచి నడిచి పొలం చేరాను. దారిలో ఒక్క చోట నా పాస్‌పోర్టు చూశారు. "ఇండియా? వెల్‌కమ్" అని నవ్వి పంపారు. ఆ కుర్ర సైనికుడి నవ్వులో ఏ కల్మషం లేదు. అందుకే నాకు ఇంకా సిగ్గేసింది.

పొలంలో నేను చూసిన మొదటి సంగతి గడ్డి. మోకాలెత్తు ఎండు గడ్డి, ముళ్ల కంపలు. ఏడాదిలో కొద్ది వారాలే రానిస్తే దున్నేదెప్పుడు, కొమ్మలు కొట్టేదెప్పుడు? కంచె ఇవతల ఊరి పక్కన చెట్లకింద నేల దువ్వినట్టుంది. అదే జాతి చెట్లు, అదే మట్టి. గోడ అవతలి చెట్ల కాపు ఇవతలి వాటితో పోలిస్తే సగానికి పైగా తగ్గిందని ఐక్యరాజ్యసమితి వాళ్లు ఏళ్ల తరబడి లెక్కలు తీసి చెబుతున్నారు. ఆ లెక్క నాకు ఆ గడ్డిలో కనబడింది.

హజ్ గారి భార్యని హజ్జె అంటారు. ఆవిడ ముందు చెట్టు కింద గడ్డి కొడవలితో కోసి, పట్టా పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టారు. కొమ్మని ఎడం చేత్తో దగ్గరికి లాక్కుని, కుడి చేతి వేళ్లు కొంచెం వంచి, పేనుల దువ్వెన దువ్వినట్టు పైనుంచి కిందికి లాగుతారు. కాయలు టపటపా పట్టా మీద పడతాయి, ఆకులు కొమ్మకే ఉంటాయి. నేను లాగితే ఆకులూ వచ్చేసేవి. ఆవిడ నా వేళ్లు పట్టుకుని వంపు సరిచేసి చూపించారు. ఆవిడ వేళ్ల చివర్లు నల్లగా నూనె పట్టి, గోళ్ల పక్కన పగుళ్లు. మిరపకాయలు కోసే మా అమ్మ చేతులు అలాగే ఉండేవి. మాకు ఒకరి భాష ఒకరికి రాదు. ఆ పూటంతా మేం మాట్లాడుకోని క్షణం లేదు.

మధ్యాహ్నం చెట్టు కింద రొట్టె, పుల్లటి గట్టి పెరుగు, జాతర్ అనే ఆకు పొడి, నూనెలో వేయించిన టమాటాలు. ఆ నూనె పోయిన ఏటిదట. హజ్ గారు మా పొలం గురించి అడిగారు. ఎన్ని దునుములు, ఏం పంట, నువ్విక్కడుంటే ఎవరు చూస్తున్నారు? మూడెకరాలు, మిర్చి, కౌలుకిచ్చామని మనవరాలికి ఫోన్ చేసి తర్జుమా చెప్పించాను. ఆయన ముఖం మారిపోయింది. తినడం ఆపి అడిగారు, "మీరు దున్నకపోతే అది మీదే అని ప్రభుత్వం ఒప్పుకుంటుందా?"

ఆ ప్రశ్న వెనక 1858 నాటి తుర్కీ భూచట్టం ఉంది. వరసగా మూడేళ్లు సాగు చేయని భూమిని ప్రభుత్వం తీసుకోవచ్చని అందులో ఉంది. ఆ సామ్రాజ్యం పోయి వందేళ్లయింది, కానీ ఆ చట్టాన్ని ఆధారం చేసుకునే వెస్ట్ బ్యాంక్‌లో ఎంతో భూమిని "ప్రభుత్వ భూమి"గా ప్రకటించి, అందులో చాలా భాగం సెటిల్‌మెంట్లకు, అంటే ఇజ్రాయెలీలు అక్కడ కట్టుకున్న కాలనీలకు, ఇచ్చారు. ఇటు పర్మిట్ ఇవ్వకుండా ఆపేది ఒక కాగితం, అటు సాగు లేదని అడిగేది ఇంకో కాగితం. హజ్ గారి తోట నుంచి చూస్తే ఎదురు కొండ మీద ఎర్ర పెంకుల ఇళ్లు వరసగా కనబడతాయి. అక్కడ ఉండేవాళ్లకు ఇజ్రాయెల్ పౌర చట్టం, పౌర కోర్టులు, పార్లమెంటుకు ఓటు. తోటలో ఉన్న హజ్ గారికి సైనిక ఉత్తర్వులు, సైనిక కోర్టు. 1967 ఆగస్టులో వచ్చిన 101వ ఉత్తర్వు ప్రకారం పదిమంది ఒకచోట చేరి రాజకీయం మాట్లాడాలన్నా అనుమతి కావాలి. నేను పుట్టకముందు వచ్చిన ఉత్తర్వది. ఇప్పటికీ అమల్లో ఉంది.

నేను మా ఊరి సంగతి చెప్పాను. కౌలుకిచ్చినా పట్టా మాదే, అడంగల్‌లో మా పేరే ఉంటుందని. ఆయన నమ్మారో లేదో తెలియదు. "వెళ్లగానే నువ్వే ఒకసారి దున్నించు" అన్నారు.

అయిదు రోజులు బాగానే గడిచాయి. ఆరో రోజు ఉదయం గేటు దగ్గర కొత్త సైనికుడు. పంతొమ్మిదేళ్లుంటాయేమో. హజ్ గారి పర్మిట్ తిప్పి తిప్పి చూసి, గేటు నంబరు ఇది కాదన్నాడు. నిజమే. కాగితం మీద ఏడు కిలోమీటర్ల అవతలి గేటు నంబరు పడింది. అయిదు రోజులూ ఇక్కడే పంపారు, ఎవరూ చూడలేదు. హజ్జె కాగితంలో మాత్రం నంబరు సరిగ్గానే ఉంది. బోర్డు మీదున్న నంబరుకి నేను ఫోన్ చేశాను. కనుక్కుని చెబుతామన్నారు. మళ్లీ చేశాను. కనుక్కుంటున్నామన్నారు. గేటు మూసే టైమైంది. హజ్జె భర్త ముఖంలోకి ఒకసారి చూసి, గాడిద తాడు ఆయన చేతిలోంచి తీసుకుని, ఒక్కరే లోపలికి నడిచారు.

ఆయన ఇంటికి వెళ్లలేదు. గేటు పక్కన ఖరూబ్ చెట్టు ఉంది, దాని కింద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. అక్కడి నుంచి తోటలో పై వరస చెట్లు కనబడతాయి. మధ్యాహ్నం 12:30కి గేటు మళ్లీ తెరిచినప్పుడు లేచి వెళ్లి మళ్లీ అడిగారు. అదే మాట. తిరిగొచ్చి కూర్చున్నారు. ఒకసారి మాత్రం చెయ్యెత్తి చూపించారు. దూరంగా పట్టా నీలంగా మెరిసింది, పక్కన చిన్న మచ్చలా హజ్జె. ఒంటరిగా నిచ్చెన ఎక్కుతోందని ఆయనకు కంగారు. ఏమీ అనలేదు, కర్ర మీద చేతులు బిగించారు అంతే.

మూడింటికి ఇద్దరు ఇజ్రాయెలీ ఆడవాళ్లు కారులో వచ్చారు. మఖ్‌సోమ్ వాచ్ వాళ్లు. 2001 నుంచి ఇజ్రాయెల్ మహిళలే ఇలా చెక్‌పోస్టులకూ గేట్లకూ వచ్చి, చూసి, రాసి, తమ వాళ్లనే ప్రశ్నిస్తున్నారు. ఒకావిడకి నా అమ్మ వయసుంటుంది. ఆవిడ సైనికుడితో హీబ్రూలో పోట్లాడింది, ఫోన్ల మీద ఫోన్లు చేసింది. గేటు నంబరు మార్చడానికి మళ్లీ అర్జీ పెట్టాలన్నారు. పది రోజుల అనుమతిలో ఇంకా మిగిలింది నాలుగు రోజులు. ఆవిడ హజ్ గారి ముందు నిలబడి అరబిక్‌లో ఒకే మాట అంది. క్షమించమని. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచారు. కంచె అవతలి మనుషులంతా ఒకటే అని నేను ఎన్నడూ రాయలేను, ఆవిడ వల్ల.

నాలుగింటికి హజ్జె వచ్చారు. గాడిద మీద రెండు గోతాలు. ఆ రోజు లెక్కలో రాశాను: వచ్చినవాళ్లు 31, దాటినవాళ్లు 28, తిప్పి పంపినవాళ్లు 3, కారణం "గేటు నంబరు".

ఆ రాత్రి నేను నాలుగో జెనీవా ఒప్పందం తీసి చదివాను. కాలేజీలో మార్కుల కోసం చదివింది. 1949లో రాశారు, యుద్ధంలో, ఆక్రమణలో చిక్కిన పౌరుల కోసమే రాశారు. వాళ్ల గౌరవాన్ని, కుటుంబ హక్కుల్ని కాపాడాలని 27వ అధికరణ. ఎవరూ స్వయంగా చేయని నేరానికి శిక్ష అనుభవించకూడదని, సామూహిక శిక్షలు నిషిద్ధమని 33. ఆక్రమించిన దేశం తన జనాన్ని అక్కడికి తరలించకూడదని 49. ప్రైవేటు ఆస్తిని గౌరవించాలని దానికన్నా ముందే, 1907 హేగ్ నిబంధనల్లో 46. ఎక్కడికైనా కదలగలిగే హక్కు చెప్పే పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికని ఇజ్రాయెల్ 1991లో ఆమోదించింది. 2004 జులై 9న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 14 మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా, ఆక్రమిత భూభాగంలో కట్టిన గోడ చట్టవిరుద్ధమని, తొలగించాలని, నష్టపోయినవాళ్లకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. అది సలహా రూపంలో చెప్పిన అభిప్రాయం, అమలు చేసే బంట్రోతు లేడు. ఈ పర్మిట్ పద్ధతిని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2011లో చాలావరకు సమర్థించింది. జెరూసలేంలో 1988 నుంచి పనిచేస్తున్న హమోకెద్ లాంటి ఇజ్రాయెలీ మానవ హక్కుల సంస్థల న్యాయవాదులు ఒక్కొక్క తిరస్కరణ మీదా, ఒక్కొక్క నియమం మీదా కేసులు వేస్తూనే ఉన్నారు. 330 మీటర్ల నియమం మీదా వేశారు. నేనున్న 2019లో ఇంకో నియమం కూడా వచ్చింది, ఏడాదికి ఇన్నిసార్లే పొలంలోకి అని. ఆలివ్‌కి 40. పంటకి మనిషి ఎన్నిసార్లు అవసరమో ఆఫీసులో తేల్చేశారు.

ఇన్నేళ్లు నేను కక్షిదారులకు చెబుతూ వచ్చిన మాట ఒకటుంది, "కాగితం గట్టిగా ఉంటే భూమి ఎక్కడికీ పోదు" అని. హజ్ గారి కంటే గట్టి కాగితాలు నేను చూడలేదు. భూమి ఎక్కడికీ పోలేదు కూడా. చెట్టు కింద కూర్చుంటే ఎదురుగా కనబడుతోంది. ఆయన కాలు దాని మీద పడటానికే గడువూ, నంబరూ, ఫొటో కావాలి. హక్కు ఉందని ఎవరూ కాదనరు. ఆ హక్కుని రోజుల లెక్కన తిరిగి ఆయనకే ఇస్తారు, అదీ అడిగితే, అదీ కుదిరితే. పొలం ఆయనదని ఒప్పుకుంటూనే ఆయన్ని అందులో చుట్టంగా మార్చేశారు.

మిగిలిన నాలుగు రోజులూ హజ్జె ఒక్కరే కోశారు. నేను అవతలి దారిన వెళ్లి కలిశాను, నిచ్చెన నేను పట్టుకున్నాను. ఇరవై నాలుగు చెట్లలో పదిహేడు పూర్తయ్యాయి. ఏడింటి కాయ చెట్ల మీదే ఉండిపోయింది.

మాసరా, అంటే గానుగ మిల్లు, ఊళ్లోనే ఉంది. కోత కాలంలో అర్ధరాత్రి దాకా నడుస్తుంది. లోపలికి అడుగు పెడితే పచ్చి ఆకు నలిపినట్టు ఘాటు వాసన, గొంతులో పట్టుకుంటుంది. కాయ కడిగి, పిప్పి చేసి, తిప్పి తిప్పి చివరికి గొట్టంలోంచి నూనె సన్నటి ధారగా వస్తుంది, పసుపు కలిపిన ఆకుపచ్చ. అప్పుడే కాల్చిన రొట్టె ముక్క ఆ ధార కింద పట్టి హజ్ గారు మొదట నాకిచ్చారు. కారంగా ఉంది. కొత్త నూనె అలాగే ఉంటుందట. 16 కిలోల డబ్బాలు రెండు నిండి, మూడోది సగం అయింది. గోడ కట్టకముందు ఈ తోట నుంచే ఎనిమిది డబ్బాలు వచ్చేవని ఆయన చెప్పలేదు. పక్కనున్న మిల్లు మనిషి చెప్పాడు.

నేను వచ్చేశాను. ఒక లీటరు నూనె సీసాలో ఇచ్చారు, చీరలో చుట్టి తెచ్చుకున్నాను. మా వీధిలో ఖాన్ గారింట్లో కొంచెం పోస్తే ఆయన వేలితో అద్దుకుని కళ్లకద్దుకున్నారు. బైతుల్ ముకద్దస్ వైపు జైతూన్, అంటే జెరూసలేం వైపు ఆలివ్, అని.

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1200 మంది చనిపోయారు, 250 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ తర్వాత గాజా మీద జరిగిన యుద్ధంలో పదుల వేలమంది పాలస్తీనీయులు చనిపోయారు. ఆ మొదటి వారం నేను మనవరాలికి మెసేజ్ పెట్టాను. అప్పటికి ఆ పిల్ల ఆసుపత్రిలో నర్సు. ఆ ఏడాది కోతల కాలంలో గేట్లు తెరవలేదని తర్వాత రాసింది. గోడ అవతలి తోటలే కాదు, సెటిల్‌మెంట్ల దగ్గరున్న తోటలకు కూడా జనం పోలేకపోయారు. వెస్ట్ బ్యాంక్ మొత్తం మీద 96 వేల దునుములకు పైగా ఆలివ్ కోయకుండా ఉండిపోయిందని ఐక్యరాజ్యసమితి లెక్క. 2024 జులై 19న హేగ్ న్యాయస్థానం, ఈసారి ఆక్రమణే మొత్తం చట్టవిరుద్ధమని, వీలైనంత త్వరగా ముగియాలని చెప్పింది. ఆ రాత్రే ఆ పిల్లకి ఆ వార్త పంపాను. తాతకి చదివి వినిపించానని జవాబిచ్చింది. ఆయనేమన్నారని అడిగితే, గేటు గురించి ఏమైనా ఉందా అని అడిగారంది.

కిందటి సారి వీడియో కాల్‌లో ఆయన సంచి చూపించారు. అదే పాలిథిన్ సంచి, ఇంకా లావైంది. కూషాన్, రసీదులు, వారసుల పత్రం, వాటి పైన రబ్బరు బ్యాండు వేసిన ఒక కట్ట. 2003 నుంచి వచ్చిన పర్మిట్లు, గడువైపోయినవన్నీ. తిరస్కరించిన కాగితాలు కూడా అందులోనే. ఎందుకు దాచారని అడిగాను. అర్జీ ఫారంలో ఒక గడి ఉంటుందట, ఇంతకుముందు పర్మిట్ ఉండేదా అని. ఆధారం జత చేయాలి. నేను చేసిన ఆ గేటు నంబరు రిపోర్టు కాపీ కూడా ఆ కట్టలో ఉందని పిల్ల చెప్పింది. ఆయన మధ్యలో అందుకుని ఏదో అడిగారు. "దున్నించావా అంటున్నారు" అంది.

దున్నించానని చెప్పాను.